కాలీపూర్ తీరాన ఒక రాత్రి

అండమాన్ దీవులలో సముద్రతీరమనగానే యాత్రికులకు స్ఫురించేది హావ్‌లాక్ దీవిలోని రాధానగర్. 2018లో ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. అక్కడి ఇసుక తెలుపు, జనసమ్మర్దమూ ఎక్కువే. ఉత్తర అండమాన్‌లో దిగ్లీపూర్ సమీపానగల కాలీపూర్ తీరం అటువంటిది కాదు. ఇసుక బూడిద వన్నెది. దక్షిణాన, దీవులన్నిటిలో ఎత్తయిన శాడిల్ శిఖరం 732 మీటర్ల ఎత్తున మబ్బులలో తల దాచుకొని ఉంటుంది. జనవరి మాసపు ఒక సాయంకాలం మేము అక్కడ నడిచినంత దూరం మరొక మనిషి కనిపించలేదు.

పోర్ట్ బ్లెయిర్ (2024 నుండి శ్రీ విజయపురం) నుండి ఇక్కడికి రోడ్డు మార్గాన సుమారు 300 కిలోమీటర్లు. దారి జారవాల అడవి గుండా సాగుతుంది. అక్కడ వాహనాలు గుంపుగానే వెళ్ళాలి. ఆగరాదు, ఛాయాచిత్రాలు తీయరాదు.

దిగ్లీపూర్ ప్రాంతాన 1950 దశకంలో తూర్పు పాకిస్తాన్ శరణార్థులు స్థిరపడ్డారు. ఛోటా నాగపూర్ నుండి అడవి పనులకు వచ్చిన కుటుంబాలున్నాయి. మాయాబందర్ వైపు 1925లో బర్మా నుండి తీసుకురాబడిన కరెన్‌ల గ్రామాలున్నాయి. తెలుగు జాలరులూ ఈ దీవులలో కొత్తవారు కారు. వీరందరికీ ఉమ్మడి భాష హిందీ. అయితే అది పుస్తకాలలోని హిందీ కాదు. అనువాదమే వృత్తిగా గల నాకు అక్కడి లింగ వచనాలు మొదట తికమక పెట్టాయి, తరువాత ముచ్చట గొలిపాయి.

ఈ తీరానికి అసలు అతిథులు సముద్ర తాబేళ్ళు. భారత జలాలలో ఐదు జాతులుండగా, ఆలివ్ రిడ్లే, ఆకుపచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్ అనే నాలుగు అండమాన్ నికోబార్ దీవులలో గుడ్లు పెడతాయి. కాలీపూర్‌లో అధికంగా కనిపించేది ఆలివ్ రిడ్లే. తల్లి రాత్రివేళ ఒడ్డెక్కి, వెనుక కాళ్ళతో కుండ ఆకారపు గుంత తవ్వి, వంద వరకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మరల సముద్రంలోకి పోతుంది. పిల్లలను అది చూడదు. ఒడ్డున దీపం గాని, అలికిడి గాని ఉంటే గుడ్లు పెట్టకుండానే వెనుదిరగవచ్చు. నిర్జనత్వం మనకు విలాసం, దానికి అవసరం.

గుడ్డులోని పిల్ల ఆడదో మగదో నిర్ణయించేది ఇసుక వేడిమి. సుమారు 29 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఇరుజాతులూ దాదాపు సమానం; వేడి పెరిగితే ఆడవి, తగ్గితే మగవి అధికమవుతాయి. భూతాపం పెరుగుతున్న ఈ కాలంలో అర డిగ్రీ తేడా కూడ చిన్న విషయం కాదు.

కుక్కలు, పందులు గుడ్లను తవ్వి తింటాయి. అందుచేత అటవీశాఖవారు గుడ్లను సేకరించి కంచెలోపల తిరిగి పూడుస్తారు. ఈ పని కొద్ది గంటలలోనే ముగియాలి. తరువాత పిండం గుడ్డు లోపలి పొరకు అంటుకుంటుంది. అప్పుడు కదిపితే చచ్చిపోతుంది. ఇసుకకు మరొక గిరాకీ కూడ ఉన్నది. దీవులలో ఇళ్ళు కట్టుకొనడానికి చాలాకాలం తీరాలనే తవ్వేవారు. 2002లో సుప్రీంకోర్టు ఆ తవ్వకాన్ని అంచెలంచెలుగా తగ్గించాలని ఆదేశించినది. ఇల్లు కావలసినవానికి ఇది కష్టమే. అతని మాటా వినదగినదే.

2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఈ దీవుల నేల ఒరిగినది. ఉత్తర అండమాన్ పడమటి తీరాన కొన్నిచోట్ల మీటరుకు పైగా లేచి, నీటిలోని పగడపు దిబ్బలు బయటపడి చచ్చిపోయాయి. దక్షిణ కొనన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగినది. సమీపాననే లెదర్‌బ్యాక్‌లు గుడ్లు పెట్టే గలథియా తీరం తుడిచిపెట్టుకుపోయి, కాలక్రమాన మరల ఇసుక చేరగా తాబేళ్ళు తిరిగివచ్చాయి. అక్కడ ఇప్పుడు పెద్ద ఓడరేవుకు ప్రణాళిక ఉన్నది.

ఆ రాత్రి పదకొండు గంటల వేళ కావలి ఉద్యోగి మమ్ములను చేతిసైగతో ఆపాడు. ముందు మాకేమీ కనిపించలేదు. కొంతసేపటికి ఇసుక చిమ్ముతున్న చప్పుడు, ఆ వెనుక బరువైన నిట్టూర్పు వినిపించాయి. దీపం వెలిగించవద్దన్నాడు. దాదాపు గంటసేపు బోర్లా పడుకొని చూశాము. తాబేలు నీటిలో కలిసిన తరువాత అతడు గుడ్లు లెక్కించి, సంఖ్యను పుస్తకంలో వ్రాసుకొని, ఇసుకమీది జాడను కాలితో చెరిపివేశాడు. కారణమడిగితే, “రేపు దీన్నే మళ్ళీ లెక్కపెట్టకుండా, భాయ్” అన్నాడు.