సూరారము చెంత వోటు లెక్క

సంఘ సమావేశము కోరము చాలక వాయిదా పడుట ఎరుగని సభ్యుడుండడు. శాసనసభకును పార్లమెంటుకును జరుగు ఎన్నికలలో కోరమను నియమమే లేదు. నూటికి పదిమందియే వచ్చినను ఎన్నిక ఎన్నికయే. కావున ఎందరు వచ్చిరి, ఎటు మొగ్గిరి అను రెండు సంగతులను రైతులు తామే పరిశీలింప నేర్చుకొనవలయును. ఇందుకు దూరము పోనక్కరలేదు.

హైదరాబాదునకు ఉత్తరమున నున్న సూరారము 2007వ సంవత్సరమున మహానగర పాలక సంస్థలో కలిసినది. 2016, 2020 సంవత్సరముల నగర ఎన్నికలలో ఈ యూరి పేరనే ఒక డివిజను ఉండెను. ఆ రెండు మారులును నగరమంతటిమీద వోటర్లలో సగముకంటె ఎక్కువమంది రాకయే యుండిరి. 2019 జనవరిలో రాష్ట్రమున గ్రామ పంచాయతీ ఎన్నికలు మూడు విడతలుగా జరుగగా, ప్రతి విడతలోను నూటికి 85కు మించి వోట్లు పడినవి.

పల్లెవాడు దేశభక్తుడనియు, పట్టణవాసి సోమరియనియు తేల్చి పలుకుట తొందరపాటగును. పల్లెలో వార్డు సభ్యత్వమునకు నిలిచినవాడు పొరుగింటివాడు. రానివారెవరో సాయంత్రమునకు అందరికిని తెలియును. పొలములు ప్లాట్లయిన చోట అద్దెకుండువాడు ఏటేట ఇల్లు మారును. వాని పేరు పాత ఊరిలో ఒకటి, క్రొత్త వీధిలో ఒకటి నిలుచును. లెక్క చూడుడు. ఒక ఊరి జాబితాలో 1000 పేర్లున్నవనుకొందము. అందు మరణించినవారు 50, వలస పోయినవారు 150. వోటు వేసినవారు 640. జాబితా ప్రకారము నూటికి 64. ఊరిలో నిజముగా నున్న 800 మందిలో నూటికి 80. చచ్చినవాడు వోటు వేయడు గాని లెక్కలో మాత్రము కూర్చుండును. జాబితా సరిచేయకుండ జనమును నిందింపరాదు.

ఇక మొగ్గు. మా ఊరు ఫలానా పక్షమువారిదని చెప్పుకొనుట మనకు వాడుక. సూరారమును మేడ్చలును చేరియున్న మల్కాజిగిరి లోకసభ నియోజకవర్గమును చూడుడు. 2018 డిసెంబరులో ఇందలి ఏడు శాసనసభ స్థానములలో ఆరింటిని తెలంగాణ రాష్ట్ర సమితి గెలిచినది. నాలుగు నెలలు గడచి 2019 ఏప్రిలులో లోకసభకు వోట్లు వేసినప్పుడు కాంగ్రెసు అభ్యర్థి రేవంత్ రెడ్డి గెలిచెను. 2023 నవంబరులో వోట్లు వేసినప్పుడు ఏడు స్థానములును భారత రాష్ట్ర సమితికే దక్కినవి. 2024 మే నెలలో లోకసభ స్థానము భారతీయ జనతా పక్షమునకు చెందిన ఈటల రాజేందరునకు పోయెను. ఇన్ని మార్పులు ఆరేండ్లలోపుననే! ఎవరు మేలన్నది ఈ పత్రిక చెప్పదు. మొగ్గు అనునది వంశపారంపర్యముగా వచ్చు మాన్యము కాదని మాత్రము తెలియుచున్నది.

2019 నాటి సంఖ్యలలో ఇంకొక విషయము కలదు. ఆ నియోజకవర్గములో 31 లక్షలకు పైగా వోటర్లుండిరి. దేశములో అంత పెద్ద జాబితా మరియొకటి లేకుండెను. అందు సగముమంది, అనగా 15 లక్షలకు పైబడి, వోటు వేయలేదు. గెలిచిన అభ్యర్థికి వచ్చిన ఆధిక్యము 11 వేలకు లోపు. ఇంట కూర్చున్నవారిలో నూటికి ఒక్కరు కదలి ఒకేవైపు వోటు వేసియున్నను ఫలితము తారుమారు కాగలిగెడిది. అట్లు వేసెడివారా యన్నది వేరు మాట.

వోటు రహస్యము, ఎవరు ఎవరికి వేసిరో విచారించుట తప్పు. అయినను ఊరి మొత్తము మొగ్గు దాచబడదు. వోటింగు ముగిసిన పిమ్మట కేంద్రాధికారి ఏజెంటులకు ఇచ్చు 17సి నమూనాలో పడిన వోట్ల సంఖ్య యుండును. లెక్కింపు తరువాత వెలువడు 20వ నమూనాలో కేంద్రమువారీగా ప్రతి అభ్యర్థికిని వచ్చిన వోట్లుండును. రెండు మూడు ఎన్నికల పట్టికలు ప్రక్కప్రక్కన పెట్టుకొన్నచో ఊరిలో చెప్పుకొను కథలలో సగము నిలువవు.

జాబితాలో పేరు చేర్చుటకు 6వ నమూనా, తీసివేయుటకు 7, సవరించుటకును నివాసము మార్చుకొనుటకును 8. వీనిని బూతు స్థాయి అధికారికి ఈయవచ్చును. మన ప్రాథమిక సహకార సంఘముల జాబితాలకును ఇదే రోగము కలదు. 2020 ఫిబ్రవరి 15న తెలంగాణమున ఈ సంఘములకు ఎన్నికలు జరిగినవి; ఒక్కొక్క సంఘమునకు 13 మంది డైరెక్టరులు. ఎన్ని వాటాలున్నను సభ్యునికి ఒకటే వోటు. తండ్రి మరణించి పదియేండ్లయినను సభ్యత్వము ఆయన పేరనే యుండి, పొలము దున్ను కుమారునికి వోటు లేని యిండ్లు ప్రతి ఊరిలోను కలవు. అట్టివారు వచ్చు సమావేశమునకు ముందే కార్యదర్శిని కలిసికొని, మరణ ధ్రువపత్రమును, పట్టా పాసుపుస్తకమును చూపవలయును.