గాజుతొట్టిలో సముద్రం, దాని కింద సంపు

జగ్గయ్యపేటలోనో నందిగామలోనో కొత్తగా కట్టిన ఇల్లు ఏదైనా చూడండి. నేలలో సంపు ఉంటుంది. డాబా మీద ట్యాంకు ఉంటుంది. మోటారు వేస్తే సంపులోని నీళ్ళు ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యాంకు నిండితే నీళ్ళు పొర్లి వీధిలో పడతాయి. "మోటారు కట్టెయ్యండర్రా!" అని ఎవరో ఒకరు కేక వేస్తారు.

అలా పొర్లిన నీళ్ళు వీధిలో పడకుండా, ఒక గొట్టం గుండా మళ్ళీ సంపులోకే వచ్చాయనుకోండి. మోటారు కూడా ఆపలేదనుకోండి. ఏమవుతుంది? ఉన్న నీళ్ళే పైకీ కిందికీ తిరుగుతూ ఉంటాయి. ఈ బొమ్మను మనసులో ఉంచుకోండి. సముద్రపు చేపలను ఇంట్లో పెంచేవాళ్ళు చేసేది సరిగ్గా ఇదే. డాబా మీది ట్యాంకు బదులు బల్ల మీద గాజుతొట్టి. నేలలోని సంపు బదులు బల్ల కింద మరో చిన్న తొట్టి. దాన్ని కూడా సంపు అనే అంటారు.

చేపలకు రెండు తొట్లు ఎందుకంటారా? మీ ఊళ్ళకు సముద్రం వంద కిలోమీటర్లకు పైనే. అంత దూరాన సముద్రపు జీవి బతకాలంటే ఒక్క మాట గుర్తుంచుకోవాలి: మనం పెంచవలసింది ముందు నీటిని, ఆ తర్వాతే చేపను. ఎలాగో ఒక్కొక్క మెట్టే చూద్దాం.

మన రాయి, పగడపు రాయి

జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకు వచ్చాయో మీకు తెలుసు. అక్కడ నేల నిండా సున్నపురాయి ఉంది. చిన్న ముక్క తెచ్చి, దాని మీద నిమ్మరసం చుక్క వేసి చూడండి. సన్నని బుడగలు వస్తాయి. రాయిలోని కాల్షియం కార్బొనేటు ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడును వదులుతోందన్నమాట.

పగడపు దిబ్బ కూడా ఈ కాల్షియం కార్బొనేటే. పగడం మొక్కా కాదు, రాయీ కాదు, చిన్న జంతువు. సముద్రపు నీటిలో కరిగి ఉన్న కాల్షియాన్ని తీసుకుని తన చుట్టూ రాతి గూడు కట్టుకుంటుంది. కోట్ల గూళ్ళు పేరుకుంటే దిబ్బ అవుతుంది. అయితే జగ్గయ్యపేట రాయిని పగడాలు కట్టలేదు. గుల్లలూ ఎముకలూ గల జంతువులు పుట్టక ముందే, అప్పటి సముద్రం అడుగున పేరుకున్న రాయి అది. అంటే ఒకప్పుడు మీ ఊరి చోటే సముద్రం ఉండేదన్నమాట!

మరి ఇప్పుడు మన కోస్తాలో పెద్ద పగడపు దిబ్బలు ఎందుకు లేవు? మునేరు, పాలేరు కృష్ణలో కలుస్తాయి; కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అటు గోదావరి కూడా అంతే. ఈ నదులు మంచినీటినీ, ఒండ్రునూ తెచ్చి పోస్తాయి. నీటిలో ఉప్పు ఒకసారి తగ్గుతుంది, ఒకసారి పెరుగుతుంది. బురద వెలుతురును అడ్డుకుంటుంది. మనకు పంటనిచ్చే ఒండ్రే పగడానికి ఊపిరాడనివ్వదు. అందుకే మన దేశంలో పెద్ద దిబ్బలు మన్నార్ సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి.

దీన్నిబట్టి దిబ్బల్లో బతికే జీవులకు ఏం కావాలో తెలిసింది గదా? తేట నీరు, నిలకడైన ఉప్పు, నిలకడైన వేడి. ఈ మూడూ ఇవ్వడమే మన పని.

మొదట ఒక హెచ్చరిక

మన తొట్టిలో పగడం పెట్టకూడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 2001లో దిబ్బలు కట్టే రాతి పగడాలనూ, సముద్రపు గుర్రాలనూ దాని రక్షణ కిందికి తెచ్చారు. వాటిని సముద్రం నుంచి తీయడమూ, అమ్మడమూ, కొనడమూ నేరం. ఒక్క పగడపు ముక్క వేలెడు పెరగడానికి ఏళ్ళు పడుతుంది; విరవడానికి క్షణం చాలు.

మరి ఏం పెంచాలి? క్లౌన్ చేప అని నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న చిన్న చేప ఉంది. 1947లో ఏర్పడిన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దీన్ని తొట్లలోనే గుడ్లు పెట్టించి, పిల్లలను పెంచే పద్ధతులు రూపొందించారు. తొట్టిలో పుట్టిన చేపను తెచ్చుకుంటే దిబ్బకు నష్టం లేదు. ఈ చేపలో ఒక వింత ఉంది. పిల్లలన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి. గుంపులో అన్నిటికంటే పెద్దది ఆడదిగా మారుతుంది.

సముద్రాన్ని కలపడం

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. వంటింటి ఉప్పు 35 గ్రాములు కలిపితే సరిపోదా? సరిపోదు. వంట ఉప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలోని 35 గ్రాములలో క్లోరైడు 19, సోడియం 11 గ్రాముల దాకా ఉంటాయి. మిగిలినది సల్ఫేటు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం వగైరా. కాల్షియం అర గ్రాము కూడా ఉండదు. కాని అది లేకపోతే గుల్లలేదు, దిబ్బలేదు. కాబట్టి అక్వేరియం దుకాణాల్లో అమ్మే సముద్ర లవణాన్నే వాడాలి.

ఏ నీళ్ళలో కలపాలి? సున్నపురాతి నేలలోని బోరు నీళ్ళలో సబ్బు సరిగా నురగదు. అప్పటికే వాటిలో లవణాలు కరిగి ఉన్నాయి. అవి ఎంత ఉన్నాయో తెలియకుండా మరికొన్ని కలిపితే లెక్క తప్పుతుంది. అందుకని ఆర్.ఓ. యంత్రంలో శుద్ధి అయిన నీళ్ళు తీసుకోవాలి. ఉప్పు కలిపి, ఒక రోజు కలియతిరగనిచ్చి, హైడ్రోమీటరుతో కొలవాలి. సాంద్రత మంచినీటికి 1.025 రెట్లు ఉంటే సరి.

మన తొట్టి పొడవు 90 సెం.మీ., వెడల్పు 45, ఎత్తు 45 అనుకుందాం. కింది సంపు పొడవు 60, వెడల్పు 30, ఎత్తు 40. రాళ్ళు పోగా రెండింటిలో కలిపి 200 లీటర్ల నీళ్ళు పడతాయనుకుంటే, 7 కిలోల లవణం కావాలి. నీటి బరువే 200 కిలోలు దాటుతుంది. 75 కిలోల ధాన్యం బస్తాలు మూడింటికి దగ్గర! బల్ల అంత గట్టిగా ఉండాలి.

కనబడని పనివాళ్ళు

చేప తింటుంది, విసర్జిస్తుంది. ఆ విసర్జనలో అమ్మోనియా ఉంటుంది. సముద్రంలో అది ఎటో కలిసిపోతుంది. తొట్టిలో అయితే చేప తన విషంలో తానే మునుగుతుంది. దీన్ని తొలగించే పనివాళ్ళు బాక్టీరియాలు. ఒక గుంపు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. మరో గుంపు నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. దీని కీడు బాగా తక్కువ. పొలాల్లోనూ ఇదే పని జరుగుతూ ఉంటుంది. ఇది బాక్టీరియాల పనేనని 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ రుజువు చేశాడు.

ఈ బాక్టీరియాలు నీళ్ళలో తేలడం కంటే రాళ్ళను అంటుకుని ఉండటానికే ఇష్టపడతాయి. రాయికి ఎన్ని సందులుంటే అంత చోటు. మన సున్నపురాయి గట్టిగా, నున్నగా ఉంటుంది; సందులు తక్కువ. కావాలంటే ఒక రాతి ముక్కనూ, ఒక ఇటుక ముక్కనూ తూచి, ఒక రోజు నానబెట్టి, పైతడి తుడిచి మళ్ళీ తూచండి. ఏది ఎక్కువ నీరు పీల్చిందో చూడండి. తొట్టికి మాత్రం అక్వేరియాల కోసం తయారుచేసిన సందుల రాళ్ళూ, పింగాణీ ఉంగరాలూ వాడాలి.

పనివాళ్ళు ఒక్క రోజులో రారు. తొట్టిలో నీళ్ళూ రాళ్ళూ పెట్టి, చేప లేకుండానే చిటికెడు మేత వేసి కుళ్ళనివ్వాలి. పరీక్ష ద్రావణాలతో కొలుస్తూ ఉంటే మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. తరువాత నైట్రైటు పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నా అయ్యాకే చేప. దీనికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొత్తవాళ్ళ చేపలు ఎక్కువగా చచ్చేది ఈ ఆరు వారాలు ఆగలేకే.

సంపు చేసే పని

ఇప్పుడు సంపు దగ్గరకు వద్దాం. గాజుతొట్టి మూలన, దువ్వెన పళ్ళలాంటి గండ్లున్న చిన్న గోడ ఉంటుంది. నీళ్ళు ఆ గోడ దాటి గొట్టంలో పడి సంపులోకి దిగుతాయి. సంపులో మూడు గదులుంటాయి.

మొదటి గదిలో నురుగు యంత్రం. ఉప్పునీటిలోకి సన్నని గాలిబుడగలు వదిలితే, మాలిన్యం బుడగలకు అంటుకుని నురుగుగా పైకి తేలుతుంది. బెల్లం వండేటప్పుడు పైకి తేలిన మడ్డిని తీసేస్తారు చూడండి, అలాగే ఈ నురుగును తీసి పారబోస్తాం. రెండో గదిలో రాళ్ళూ, దీపం కింద పెరిగే నాచూ ఉంటాయి. నాచు నైట్రేటును ఎరువుగా వాడుకుంటుంది. మూడో గదిలో మోటారు. అది నీళ్ళను మళ్ళీ పైకి పంపుతుంది.

ఇక్కడొక తమాషా ఉంది. మోటారు ఎంత పంపితే అంతే పొర్లుతుంది. కాబట్టి పైతొట్టిలో మట్టం మారదు. ఆవిరైన నీటి లోటంతా మోటారు గదిలోనే కనబడుతుంది. ఆ గది గాజు మీద గీత గీస్తే చాలు, రోజుకు ఎంత ఆవిరైందో తెలిసిపోతుంది.

కరెంటు పోతే?

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఇది. కరెంటు పోయింది. మోటారు ఆగింది. పైతొట్టిలో గోడ అంచుకు పైన ఉన్న నీళ్ళన్నీ కిందికి దిగుతాయి. అంతటితో ఆగుతుందా? మోటారు గొట్టం మూతి నీళ్ళలో మునిగి ఉంటే, అది సైఫన్‌గా మారి వెనక్కి లాగుతుంది. మూతి నీటి మట్టానికి 5 సెం.మీ. లోతున ఉందనుకోండి. అప్పుడు దిగే నీరు 90 × 45 × 5 = 20,250 ఘన సెం.మీ. అంటే 20 లీటర్ల పైమాట!

సంపు అడుగు వైశాల్యం 60 × 30 = 1,800 చదరపు సెం.మీ. 20,250ని 1,800తో భాగిస్తే 11.25. అంటే సంపులో మట్టం 11.25 సెం.మీ. పెరుగుతుంది. సంపు ఎత్తు 40 గనుక, మామూలుగా 25 సెం.మీ. దాకానే నీళ్ళుంచితే 36.25 దగ్గర ఆగుతుంది. 30 దాకా ఉంచితే ఉప్పునీళ్ళు గదంతా పారతాయి. పక్కనే ప్లగ్గులుంటాయి, జ్ఞాపకం ఉంచుకోండి.

గొట్టానికి నీటి మట్టం కిందనే చిన్న రంధ్రం చేస్తే, మట్టం కాస్త దిగగానే గాలి దూరి సైఫన్ తెగిపోతుంది. కాని నాచు పట్టి ఆ రంధ్రం పూడుకుపోవచ్చు. అందుకని రంధ్రాన్ని నమ్మకుండా ఖాళీనే నమ్మండి. మొదట మంచినీళ్ళు పోసి, స్విచ్చి మీరే ఆపి చూడండి. ఈ పరీక్ష నెగ్గాకే ఉప్పు కలపండి.

మరో సంగతి. మోటారు ఆగితే నీటిలోకి గాలి చేరడం తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీరు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీరు 7 లోపే పట్టుకుంటుంది. నీరు వేడెక్కితే ఇంకా తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే గాలి మోటారు ఒకటి దగ్గర ఉండాలి. విద్యుత్తు పనులు పెద్దవాళ్ళ చేతనే చేయించండి. వైరు ప్లగ్గుకంటే కిందికి వేలాడి పైకి వెళ్ళాలి. అప్పుడు జారిన చుక్క ప్లగ్గులోకి పోదు. స్విచ్చి ఆపకుండా తొట్టిలో చెయ్యి పెట్టకండి.

రోహిణీ కార్తె ఎండలు

మీ ఊళ్ళలో వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజులున్నాయి. దిబ్బల చేపకు 25 నుంచి 28 డిగ్రీలు హాయి. మరి ఎలా? కుండ నీళ్ళు ఎందుకు చల్లబడతాయో తలచుకోండి. ఆవిరయ్యే నీరు మిగతా నీటి నుంచి వేడిని తీసుకుపోతుంది. గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కాలరీలు కావాలి. 200 లీటర్లలో ఒక్క లీటరు ఆవిరైతే, బయటి వేడి చేరకపోయినట్లయితే, నీరు దాదాపు 3 డిగ్రీలు చల్లబడుతుంది. సంపు మీద చిన్న ఫ్యాను పెట్టడం అందుకే. పొడి ఎండల్లో ఇది బాగా పనిచేస్తుంది. వానాకాలపు ఉక్కలో అంతగా చేయదు.

అయితే ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. రోజుకు 4 లీటర్ల చొప్పున మూడు రోజులు పోతే, 7 కిలోల ఉప్పు 188 లీటర్లలో మిగులుతుంది. లీటరుకు 37 గ్రాములు దాటిందన్నమాట. కాబట్టి గీత దాకా రోజూ ఉప్పులేని శుద్ధమైన నీరే పోయాలి. ఉప్పునీరు పోస్తే ఉప్పు ఇంకా పెరిగిపోతుంది.

ఇన్నీ చేయగలమన్న ధైర్యం ఉంటే రెండు చిన్న క్లౌన్ చేపలతో మొదలుపెట్టవచ్చు. సెలవులకు అమ్మమ్మ గారి ఊరు వెళితే ఎవరు చూస్తారో ముందే చెప్పుకోవాలి. ఆ ధైర్యం ఇంకా లేకపోతే తప్పులేదు. తొట్టి లేకుండానే కింది పనులు చేసి, లెక్కలు మీ సైన్సు మాస్టారికి చూపించండి.

చేసి చూడండి

1. మీ ఇంటి డాబా ట్యాంకు కొలతలు తీసుకోండి. అది నిండుగా ఉన్నప్పుడు నీళ్ళన్నీ సంపులోకి దిగితే సంపు పొర్లుతుందా?

2. వెడల్పైన పళ్ళెంలో లీటరు నీళ్ళలో 35 గ్రాముల ఉప్పు కలిపి నీడన ఉంచండి. రోజూ ఎంత తగ్గిందో కొలవండి. సగం మిగిలినప్పుడు లీటరుకు ఎన్ని గ్రాముల ఉప్పు ఉన్నట్లు?

3. మన సంపులో 25 సెం.మీ. నీళ్ళున్నాయి. మోటారు గొట్టం మూతి 7 సెం.మీ. లోతున ఉంది. రంధ్రం పూడుకుపోయింది. కరెంటు పోతే గది తడుస్తుందా, తడవదా?