ఇసుక పరచిన గృహ అక్వేరియం: ఫిల్టర్ ఎంపిక

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో గృహ అక్వేరియం అడుగున ఇసుక పరచదలచినవారు ఫిల్టర్‌ను ఇసుక స్వభావాన్ని బట్టి ఎంచుకోవాలి. సన్నని రేణువుల మధ్య ఖాళీలు తక్కువ గనుక చేపల విసర్జకాలు, మిగిలిన మేత ఇసుకపైననే నిలుస్తాయి. గులకరాళ్ల కింద అమర్చే అడుగు ఫిల్టర్ ఇక్కడ పనికిరాదు. సన్నని ఇసుక దాని రంధ్రాలను పూడ్చివేస్తుంది.

60 లీటర్ల తొట్టెకు గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ గాని, గంటకు 240-300 లీటర్లు వడపోసే అంచు ఫిల్టర్ గాని అనువైనవి. అంచు ఫిల్టర్ గొట్టం మొన ఇసుకను పీల్చనంత ఎత్తున ఉండాలి. స్పాంజిలో పెరిగే బాక్టీరియా విషపూరితమైన అమ్మోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మారుస్తుంది. పొలంలో జరిగే నత్రీకరణమే ఇది. కావున స్పాంజిని క్లోరిన్ కలిసిన కుళాయి నీటితో గాక, తొట్టెనుండి తీసిన నీటిలోనే పిండాలి.

మంగినపూడి వంటి సముద్రతీరాల ఇసుకలో ఉప్పు, ఆల్చిప్పల ముక్కలు ఉండవచ్చు. ఉప్పు కడిగితే పోతుంది. ఆల్చిప్పల సున్నం మాత్రం నీటి ఉదజని సూచికను పెంచి అమ్మోనియా విషప్రభావాన్ని అధికం చేస్తుంది. ఇసుకపై వెనిగర్ చుక్కలు వేసినప్పుడు బుడగలు పొంగితే దానిని వాడరాదు. కడిగిన నదీ ఇసుకను 3 సెం.మీ. మందానికి మించకుండా పరచడం మేలు.

తుఫాను రోజుల్లో విద్యుత్తు ఆగినప్పుడు స్పాంజి ఫిల్టర్‌ను బ్యాటరీ గాలి పంపుతో నడపవచ్చు. అందుచేత తీరప్రాంతంలో దీనికే ప్రాధాన్యమివ్వడం శ్రేయస్కరం.