కారు కింద దూరే పిల్లాణ్ని చూసి కంగారుపడకండి

మూడేళ్ల కిందట వేసవిలో ఒక తండ్రి పదో తరగతి పరీక్షలు రాసిన కొడుకును వెంటబెట్టుకుని సలహా కోసం నా దగ్గరికి వచ్చారు. "మీరైనా చెప్పండి సార్. పొద్దస్తమానం ఆ కారు దగ్గరే ఉంటాడు. ఎంపీసీలో చేర్చి కంప్యూటర్ సైన్స్ చదివిద్దామంటే, మెకానిక్ అవుతానంటాడు" అన్నారు. మెకానిక్ అన్న మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది. పిల్లాడు తల దించుకున్నాడు. వాడి చేతిలో ఓ నోటుబుక్కు ఉంటే అడిగి తీసుకున్నాను.

పదకొండు రోజుల రాత అందులో ఉంది. "ఉదయం 6.40. మొదటి స్టార్ట్. రివర్స్ పడలేదు, గేరు లైటు వెలిగింది." "ఉదయం 9. ఇరవై కిలోమీటర్లు తిరిగాక. అన్ని గేర్లూ మామూలే." "రాత్రంతా ఆగిన రోజునే వస్తోంది." ఇంట్లోది గేర్లు తానే మార్చుకునే ఏఎంటీ కారు. షెడ్డులో యాక్చుయేటర్ మొత్తం మార్చాలన్నారట. వీడు మల్టీమీటర్ పెట్టి చూస్తే, రాత్రి ఆగిన బ్యాటరీ తెల్లారేసరికి 11.8 వోల్టులు చూపించింది. పూర్తి చార్జింగ్‌తో ఉన్న బ్యాటరీ 12.6 దగ్గర ఉండాలి. ఏఎంటీలో క్లచ్ తొక్కేదీ గేరు మార్చేదీ కరెంటుతో పనిచేసే యాక్చుయేటరే. వోల్టేజీ పడిపోతే దానికి బలం చాలదు. బ్యాటరీ మార్చారు, గేర్లు సరిగ్గా పడ్డాయి.

ఆ తండ్రి ఇదంతా "కారుతో ఆడుకోవడం" అనుకున్నారు. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావట్లేదు అని గమనించి, రాసి, కొలిచి, ఆ తర్వాతే చెయ్యి వేసే అలవాటు పదిహేనేళ్లకే వచ్చిన పిల్లలు నాకు చాలా తక్కువగా కనిపిస్తారు. చదువు అబ్బనివాడే మెకానిక్ అవుతాడన్న నమ్మకం మన ఇళ్లలో పాతుకుపోయింది. ఆ నమ్మకంతోనే ఇలాంటి పిల్లల్ని తీసుకెళ్లి, వాళ్లకు ఇష్టంలేని బ్రాంచిలో, లక్షల ఫీజు కట్టి కూర్చోబెడుతున్నాం. నాలుగేళ్ల తర్వాత వాళ్లే బ్యాక్‌లాగ్‌ల జాబితా పట్టుకుని మళ్లీ నా ముందుకొస్తారు. నాకు కోపం వచ్చేది అప్పుడే, అదీ పిల్లల మీద కాదు.

ఈ పనిలో చదువు లేదనేవాళ్లు ఒక్కసారి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సంగతి చూడండి. మన రోడ్ల మీద ఆటోమేటిక్ అనే ఒక్క పేరు కింద నాలుగు రకాల యంత్రాలు తిరుగుతున్నాయి. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీ నిజానికి మామూలు గేర్‌బాక్సే, దాన్ని నడిపే చెయ్యి మాత్రం కంప్యూటర్‌ది. టార్క్ కన్వర్టర్ రకంలో ఇంజన్ బలం ఆయిల్ ద్వారా గేర్లకు చేరుతుంది. సీవీటీలో విడివిడి గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు ఉంటుంది. డీసీటీలో బేసి గేర్లకు ఒక క్లచ్, సరి గేర్లకు ఇంకొకటి. కస్టమర్ వచ్చి చెప్పేది మాత్రం ఒకటే మాట: "బండి జర్క్ కొడుతోంది." ఏఎంటీ అయితే క్లచ్ అరిగి ఉండొచ్చు, లేదా కొత్త క్లచ్ వేశాక కంప్యూటర్‌కు దాన్ని మళ్లీ నేర్పించకుండా వదిలేసి ఉండొచ్చు. డీసీటీ అయితే ట్రాఫిక్‌లో పాకించి పాకించి క్లచ్ వేడెక్కి ఉండొచ్చు. టార్క్ కన్వర్టర్ అయితే ఆయిల్, సొలినాయిడ్, వాల్వ్ బాడీ, ఇలా వెతకాల్సిన చోట్లు వేరే. హైడ్రాలిక్స్, ఎలక్ట్రికల్స్, మెకానికల్ మూడూ తెలిస్తే గానీ కారణం దొరకదు.

ఇలాంటి ఆసక్తి ఉన్న పిల్లాడికి ఇంట్లో ఏం చేయనివ్వాలి? చూడటం, వాసన పట్టడం, కొలవడం, రాయడం. ఇవన్నీ చేయనివ్వండి. గేర్‌బాక్స్‌కు డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే దాని ఆయిల్ ఎంతుందో చూడొచ్చు. ఇంజన్ ఆన్‌లో ఉంచి చూడాలా, ఆపి చూడాలా అన్నది ఆ బండి మాన్యువల్ చెప్పాలి, పక్కింటాయన కాదు. కొత్త బండ్లలో చాలావాటికి డిప్‌స్టిక్కే ఉండదు. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తే లోపలి క్లచ్ ప్లేట్లు కాలుతున్నట్టు. గులాబీ రంగు పాలలా కనిపిస్తే రేడియేటర్‌లోని కూలెంట్ అందులో కలిసిందని అనుమానించాలి, ఆ బండిని ఇక నడపకూడదు. లోపాల కోడ్లు చూపే స్కానర్ కొనివ్వొచ్చు, కానీ దాన్ని చదవడం నేర్చుకోవాలి. పీ0700 అని వస్తే గేర్‌బాక్స్ కంప్యూటర్ ఏదో లోపం పట్టిందన్నంత వరకే అర్థం, దాని వెనక ఇంకో కోడు ఉంటుంది. పీ0741 అంటే టార్క్ కన్వర్టర్ క్లచ్ లాక్ కావట్లేదని. అంతమాత్రాన కన్వర్టర్ మార్చేయమని కాదు. తప్పు సొలినాయిడ్‌లో ఉండొచ్చు, వైరులో ఉండొచ్చు, ఆయిల్‌లోనూ ఉండొచ్చు. ఎక్కడ వెతకాలో కోడు చెబుతుంది, ఏం మార్చాలో చెప్పదు. వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లు తడబడేది ఇక్కడే.

ఆపాల్సిన చోట ఆపడం కూడా నేర్పాలి. వాల్వ్ బాడీ విప్పితే సన్నటి దారుల్లో చిన్న చిన్న ఉక్కు గుండ్లు, స్ప్రింగులు ఉంటాయి. ఒక్క గుండు చోటు తప్పినా, చిటికెడు దుమ్ము పడినా గేర్‌బాక్స్ పాడవుతుంది. ఇంటి ముందు వరండాలో చేసే పని కాదది. ఒక్క విషయంలో మాత్రం అమ్మానాన్నలు కఠినంగా ఉండండి: ఉత్త జాకీ మీద లేపిన కారు కిందికి పిల్లాణ్ని దూరనివ్వకండి. కింద స్టాండ్లు పెట్టాలి, చక్రాలకు అడ్డు వేయాలి, పక్కన మనిషి ఉండాలి.

ఇక దారుల సంగతి. పదో తరగతి పాసైతే ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు, పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా మూడేళ్లు, ఆపై ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది. నా ఓటు ఐటీఐకి, ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్‌కి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద చేరితే నేర్చుకునేటప్పుడే స్టైపెండ్ వస్తుంది, రోజూ నిజమైన బండి మీద చెయ్యి పడుతుంది. ఐటీఐ అనగానే తుప్పుపట్టిన యంత్రాలని తీసిపారేసేవాళ్లు ఓసారి వెళ్లి చూడండి. తెలంగాణలో 2024 నుంచి టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. ఆడపిల్లకు ఆసక్తి ఉంటే ఆమెకూ ఇదే దారి, వేరే మాట లేదు.

నాకు భయం మధ్యలో పుట్టుకొచ్చిన శిక్షణ దుకాణాల గురించి. "నలభై ఐదు రోజుల్లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎక్స్‌పర్ట్, వంద శాతం ప్లేస్‌మెంట్" అన్న బోర్డులు నేను చూస్తూనే ఉన్నాను. అలాంటి ఒక చోటికి స్వయంగా వెళ్లాను. ఏసీ గది, ప్రొజెక్టర్, గోడ నిండా బొమ్మలు ఉన్నాయి. గేర్‌బాక్స్ ఒక్కటే ఉంది. అది కోసి, రంగులు వేసి, అద్దాల పెట్టెలో పెట్టి ఉంది. ముట్టుకోనివ్వరు. ఒక కుటుంబం అక్కడి ఫీజు కోసం పుస్తెలతాడు తాకట్టు పెట్టింది. ఎక్కడ చేరినా డబ్బు కట్టేముందు మూడు విషయాలు అడగండి: మా పిల్లాడు తన చేత్తో ఎన్ని గేర్‌బాక్సులు విప్పి బిగిస్తాడు? నేర్పే మేస్త్రీ షెడ్డులో ఎన్నేళ్లు పనిచేశాడు? ఇచ్చే సర్టిఫికెట్‌కు జాతీయ వృత్తి శిక్షణ సంస్థ ఎన్‌సీవీఈటీ గుర్తింపు ఉందా? సూటిగా జవాబు రాకపోతే వచ్చిన దారినే తిరిగి రండి.

విదేశాల మోజు ఇంకో ఉచ్చు. జర్మనీకో గల్ఫ్‌కో పంపిస్తామని లక్షలు అడిగే ఏజెంట్లు ఊరూరా ఉన్నారు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు చార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకుమించి అడిగితే అనుమానించాల్సిందే. తెలంగాణవాళ్లకు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, మొదట అక్కడ అడగండి. అమెరికాలో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పనికి మెకానిక్‌లకు సర్టిఫికెట్లిచ్చే ఏఎస్‌ఈ సంస్థ వాళ్ల ఏ2 పరీక్ష ఉంది. అది పాసైనా రెండేళ్ల పని అనుభవం చూపితేనే సర్టిఫికెట్ ఇస్తారు, ఐదేళ్లకోసారి మళ్లీ నిరూపించుకోవాలి. అక్కడా అనుభవానికే విలువ.

ఎలక్ట్రిక్ కార్లొస్తే గేర్‌బాక్సులే ఉండవు కదా అని అడుగుతారు. నిజమే, చాలా ఎలక్ట్రిక్ కార్లలో ఒకే ఒక్క రిడక్షన్ గేరు ఉంటుంది. కానీ ఇవాళ రోడ్డు మీదున్న ఆటోమేటిక్ బండ్లు రేపటికి మాయం కావు. వైరింగ్ డయాగ్రం చదివి, మీటర్ పెట్టి తప్పు పట్టగలిగినవాడు అక్కడా పనికొస్తాడు. ఐటీఐలోనే మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అన్న రెండేళ్ల ట్రేడ్ కూడా ఉంది. మొదటి రెండు మూడేళ్లు జీతం తక్కువే, ఆ మాట దాచను. ఆ రోజుల్లో ఇల్లు అండగా నిలబడాలి. కోచింగ్‌కు పెట్టే డబ్బులో కొంత ఇంగ్లీషుకు పెట్టండి. సర్వీస్ మాన్యువళ్లు ఎక్కువగా అందులోనే ఉంటాయి.

ఆ నోటుబుక్కు కుర్రాడు ఐటీఐ ముగించి ఇప్పుడు అప్రెంటిస్‌గా ఉన్నాడు. మొన్న వాళ్ల నాన్న ఫోన్ చేశారు. ఆయన బావమరిది సీవీటీ కారు ఎత్తు ఎక్కేటప్పుడు లాగట్లేదట. మేనల్లుణ్ని అడిగితే, "చల్లగా ఉన్నప్పుడా మామయ్యా, వేడెక్కాకా?" అన్నాడట. ఆయన గమనించలేదు. "నాలుగు రోజులు నడిపి, ఎప్పుడెప్పుడు వస్తోందో కాగితం మీద రాసిపెట్టు, ఆదివారం వచ్చి చూస్తా" అని ఫోన్ పెట్టేశాడట. ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆ తండ్రి గొంతు తగ్గలేదు.