మట్టిలో మూడేండ్లు

ఇంగ్లండు దేశపు రేవుపట్టణమగు ప్లిమత్‌లో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు అంగళ్ళలోని సంచులను తెచ్చి, కొన్నింటిని మట్టిలో పాతిరి. కొన్నింటిని సముద్రమున ముంచిరి. కొన్నింటిని ఆరుబయట వ్రేలాడదీసిరి. వానిలో ఒక రకముపై ‘జీవక్రియచే క్షయించును’ అను ముద్ర యుండెను. మూడేండ్లు గడచెను. 2019లో ఫలితములు వెలువడెను. ముద్రగల ఆ సంచిని మట్టినుండి వెలికితీసి సరకులు నింపగా, అది చిరుగక మోసెను! సముద్రములోనిదియు నట్లే.

కారణమేమి? ప్లాస్టిక్ అణువు మిక్కిలి పొడవైన గొలుసు. సూక్ష్మజీవులు దానిని ఉన్నదున్నట్లు మ్రింగజాలవు. నీరో, వేడిమియో, సూక్ష్మజీవులు స్రవించు రసములో దానిని త్రెంచవలెను. పిమ్మటనే అవి ఆ తునకలను ఆరగించి బొగ్గుపులుసు గాలిగను నీరుగను మార్చును. మొక్కజొన్న పిండి మూలముగా చేయు పాలిలాక్టిక్ ఆమ్లపు ప్లాస్టిక్ త్వరగా క్షయించుటకు దాదాపు 60 డిగ్రీల వేడిమి కావలెను. కర్మాగారములలోని పెద్ద ఎరువుకుప్పలలో అంత వేడి పుట్టును, పొలములో పుట్టదు.

ఆరుబయటి సంచులన్నియు తొమ్మిది నెలలలో ముక్కలయ్యెను. కాని ముక్కలగుట వేరు, మట్టిలో కలియుట వేరు. ఎరువుగా మారునని పేర్కొనబడిన మరియొక సంచి సముద్రమున మూడు నెలలకే కంటికి కానరాకపోయెను; మట్టిలో నున్న దాని తోడిది 27 నెలల పిమ్మటను మిగిలియే యుండెను. అయితే బరువు వేయగానే చినిగెను.