భూగర్భ ధనము - అచౌర్య వ్రతము

బొగ్గుగనుల దుర్గాపూర్ గల చాందా (నేటి చంద్రపూర్) జిల్లాలో 19వ శతాబ్దిలో శాతవాహన నాణెముల రాశి దొరకినది. పులుమావి, యజ్ఞశ్రీ మున్నగు రాజుల పేర్లు వానిపై కలవు. నేడు భూమిలోని లోహమును యంత్రము పసిగట్టును. దాని తీగచుట్ట పుట్టించు అయస్కాంతశక్తికి లోహములో విద్యుత్తు ప్రవహింపగా ధ్వని వినబడును. కాని ఆ సొమ్ము ఎవరిదో యంత్రము చెప్పజాలదు.

1878 నాటి నిధి చట్టము ప్రకారము 10 రూపాయల విలువకు మించిన నిధి దొరకినచో కలెక్టరునకు వ్రాతమూలమున తెలుపవలెను. దాచినవారికి ఏడాది వరకు జైలుశిక్ష కలదు.

వర్తకులకు పరీక్ష ఇచ్చటనే. ఇయ్యనిదానిని గ్రహించుట చౌర్యము. దొంగసొమ్మును కొనుట అచౌర్యాణువ్రతమునకు అతిచారము. పాతనాణెము అంగడికి వచ్చినపుడు, త్రాసున పెట్టుటకు ముందే 'ఇది ఎచ్చట దొరకినది?' అని అడుగవలెను. కరగించిన నాణెము వట్టి లోహము. దొరకిన తావుతోసహా నిలిచినది చరిత్ర.