హైబ్రిడ్ కారు – లాభనష్టముల విచారణ



'హైబ్రిడ్' అనే మాట మన కాటారం ప్రాంతమునకు కొత్తది కాదు. కారు కంటె ఎంతో ముందుగానే అది విత్తనపు సంచి మీద మన ఊళ్లకు వచ్చినది. 1970లో గుజరాత్‌లోని సూరత్ నుండి వెలువడిన హెచ్-4, వాణిజ్య సాగుకు వచ్చిన తొలి సంకర పత్తి. విత్తనమునకు పెట్టే అదనపు ధర ఎంత, దిగుబడిలో కలిసివచ్చేది ఎంత అని పత్తిరైతు నాటినుండి లెక్క చూచుచునే ఉన్నాడు. కారు కొనువాడును ఆ లెక్కనే చూడవలెను.

ఈ వ్యాసమునకు కారణము ఒక పూర్వ విద్యార్థి. కాళేశ్వరము యాత్రికులకై అద్దెకారు నడపదలచి, తండ్రిగారి రెండెకరముల చెలకను తాకట్టు పెట్టుటకు సిద్ధపడి, నా సలహా కోరినాడు. "సార్, మైలేజీ ఎక్కువొస్తది గదా, హైబ్రిడ్ తీసుకుంటే నష్టమేంది?" అని అతని ప్రశ్న. ప్రశ్న చిన్నదే కాని, దాని వెనుక ఒక కుటుంబపు భూమి ఉన్నది.

ముందు యంత్రమును గ్రహింతము. మామూలు కారులో బ్రేకు వేసిన ప్రతిసారి చలనశక్తి ఉష్ణముగా మారి వృథా అగుచున్నది. హైబ్రిడ్ కారులో పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు, బ్యాటరీ ఉండును. వేగము తగ్గించినపుడు మోటారే జనరేటరుగా పనిచేసి, ఆ శక్తిలో కొంత భాగమును బ్యాటరీలో నిలువ చేయును. మెల్లగా సాగునపుడు ఇంజను ఆగి మోటారే బండిని నడుపును. ప్లగ్గు పెట్టి ఛార్జి చేయు పని లేదు. 1997 డిసెంబరులో జపానులో విడుదలైన టొయోటా ప్రియస్‌తో ఈ పద్ధతి ప్రజలలోనికి వచ్చినది. మన దేశమున 2022లో మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్, హోండా సిటీ కార్లు ఈ రూపమున వెలువడినవి. 'మైల్డ్ హైబ్రిడ్' అనునది వేరు. అందులో మోటారు ఇంజనుకు చేయూత నిచ్చునే కాని, తానుగా బండిని నడపజాలదు. పేరు చూచి మోసపోరాదు.

ఇక లెక్క. గ్రాండ్ విటారా విడుదలనాడు కంపెనీ ప్రకటించిన మైలేజీ పూర్తి హైబ్రిడ్‌కు లీటరుకు 27.97 కిలోమీటర్లు, మైల్డ్ హైబ్రిడ్ మాన్యువల్ రకమునకు 21.11. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగినచో మిగులు పెట్రోలు సుమారు 116 లీటర్లు. లీటరు 107 రూపాయలనుకొన్న, ఆదా 12,400 రూపాయలు. రెండు బండ్ల ధరలో తేడా 3 లక్షలనుకొందము. ఆ తేడా తీరుటకు 24 ఏండ్లు పట్టును! 50,000 కిలోమీటర్లు తిరుగు టాక్సీకి అయిదేండ్ల లోపే తీరును. కనుక లాభమును నిర్ణయించునది కారు కాదు, దాని తిరుగుడు.

అప్పు చేసి కొన్నవారికి మరొక చిక్కు కలదు. అదనపు 3 లక్షల మీద నూటికి తొమ్మిది వడ్డీ అయినచో, తొలి సంవత్సరపు వడ్డీయే దాదాపు 27,000. సొంత కారు వానికి పెట్రోలులో మిగిలిన దానికి ఇది రెట్టింపును మించినది.

దారి స్వభావమును కూడ చూడవలెను. ఆగి ఆగి సాగు నగర వీధులలో హైబ్రిడ్ గుణము బాగుగా బయటపడును. కాటారం నుండి మహదేవపూర్ మీదుగా కాళేశ్వరమునకు అడవిదారి. అక్కడ బండి ఒకే వేగమున పోవుచుండును. బ్రేకు వేయు అవసరము తక్కువ, తిరిగి లభించు శక్తియు తక్కువే. హైదరాబాదు వాని అనుభవము మనకు ప్రమాణము కాదు.

పన్నుల సంగతి. 2017 జి.ఎస్.టి. విధానమున పెద్ద హైబ్రిడ్ కార్లపై సెస్సుతో కలిపి 43 శాతము పడినది. 2025 సెప్టెంబరు 22 నుండి అది 40 శాతమైనది. విద్యుత్ కార్లపై మాత్రము 5 శాతమే. జీవితకాలపు రోడ్డు పన్ను ధరను బట్టి ఉండును గనుక, ధర పెరిగిన కొలది అదియు పెరుగును.

మేలును కూడ చెప్పవలెను. ఒక లీటరు పెట్రోలు మండినచో సుమారు 2.3 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడును. పైన చెప్పిన 116 లీటర్ల ఆదాతో ఏడాదికి దాదాపు 267 కిలోలు తగ్గును. విద్యుత్ కారునకు ఈ పొగ లేదందురు. కాని మన చేరువలోని చెల్పూరు కాకతీయ కేంద్రము బొగ్గుతోనే 1,100 మెగావాట్ల విద్యుత్తును ఉత్పత్తి చేయగలుగుచున్నదని మరువరాదు. హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీలు 8 ఏండ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల హామీ ఇచ్చుట మరొక ధైర్యము. హామీ తీరిన పిమ్మట అమ్మబోయిన, "కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి" యను సామెత గుర్తుకు రావచ్చును.

ఆ విద్యార్థిని గత ఏడాది రాకపోకలన్నియు కాగితము మీద వేయుమంటిని. 2025 మే నెలలో జరిగిన సరస్వతీ పుష్కరముల పన్నెండు దినముల రద్దీని చూచి అతడు ఏడాదంతయు అట్లే యుండుననుకొన్నాడు. లెక్క వేయగా 20,000 కిలోమీటర్లకు మించలేదు. అనగా తేడా తీరుటకు పన్నెండేండ్లు. అతడు కొంతసేపు మౌనముగా ఉండి, కాగితమును మడిచి జేబులో పెట్టుకొన్నాడు. భూమి పత్రములు ఇంటిలోనే ఉన్నవి. ప్రస్తుతము పాత పెట్రోలు కారొకటి చూచుచున్నాడు.

కనుక విద్యార్థులారా! కొత్త యంత్రమును నిందింపనక్కరలేదు, దానికి దాసులము కానక్కరలేదు. ఎంత తిరుగుదుము, ఏ దారిన తిరుగుదుము, ఎవరి సొమ్ముతో కొందుము – ఈ మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసికొన్న తరువాతనే షోరూము గడప త్రొక్కుడు. తరగతిలో నేర్చిన గణితము ఇంటిని నిలుపునపుడే చదువు సార్థకమగును.